ఆరు దాటితే అంతే సంగతులు

కెన్యా రాజధాని నైరోబీకి కొత్తగా వచ్చే తెలుగింటి ఆడపడుచులకు జాగ్రత్తలు చెప్పే బాధ్యతను పార్క్‌లాండ్స్‌లో ఉంటున్న మేము అయిదుగురు పెద్దమనుషులం కొన్నేళ్లుగా భుజాన వేసుకుని మోస్తున్నాము. ఈ పని చేయమని మమ్మల్ని ఎవరూ అడగలేదన్నది నిజమే కానీ, అడిగేదాకా ఆగడం పెద్దరికం అనిపించుకోదు. మా అయిదుగురిలో ఒక్క ఆడమనిషి కూడా లేదేమని కొందరు సన్నాయి నొక్కులు నొక్కుతుంటారు. సమావేశం జరిగే శనివారం సాయంత్రం వారందరూ వంటింట్లో పులిహోర కలుపుతూ ఉంటారు కాబట్టి, వారి క్షేమం గురించి ఆలోచించే భారం కూడా మా మీదే పడుతోంది.

మేము చెప్పేవన్నీ అనుభవంలో పండిన మాటలే. గ్లోబ్ రౌండెబౌట్ దగ్గర బండ్లు ఆగినప్పుడు కారు అద్దం నాలుగు వేళ్లు దించితే చాలు, చేతిలోని ఫోను ఏ చేతికి మారిందో చూసుకునేలోగా సిగ్నల్ కూడా మారిపోతుంది. టామ్ ఎంబోయా వీధిలో సంచిని వీపుకు వేసుకోకూడదు, రివర్ రోడ్డులో దారి అడగకూడదు. ఈ ఊళ్లో కార్ల పక్క అద్దాల మీదా, ఇండికేటర్ల మీదా బండి నంబరు చెక్కించుకుంటారు. దొంగిలించినా అమ్ముకోవడం కష్టమవుతుందని ఆ ఏర్పాటు. పుస్తెలతాడుకు అటువంటి సౌకర్యం లేదు. తీసి బీరువాలో పెట్టమందామంటే ఊళ్లో ఉన్న అత్తగారు ఊరుకోరు, పైకి కనిపించేలా వేసుకోమందామంటే వీధిలో ఉన్న దొంగ ఊరుకోడు. తాడును జాకెట్టు లోపలికి దోపి, కదలకుండా గుచ్చేసి, అత్తగారినీ దొంగనూ ఒక్క పిన్నీసుతో సమాధానపరిచే ఉపాయాన్ని మేము మూడు సమావేశాల పాటు చర్చించి తీర్మానించాము. మేము ఈ దేశానికి రాకముందు నుంచే ఆడవారు అలా చేస్తున్నారని ఆ తర్వాత తెలిసింది.

అన్నింటికన్నా ముఖ్యమైనది ఆరు గంటల సూత్రం. నైరోబీ భూమధ్యరేఖకు కూతవేటు దూరంలో ఉండటం వల్ల ఏడాది పొడవునా ఆరున్నరకు కాస్త అటూ ఇటూగా పొద్దు వాలిపోతుంది. కాబట్టి ఆడవారు సాయంత్రం ఆరు కాకముందే ఇంటికి చేరాలి, గేటు వేయించాలి, గేటు దగ్గరి కాపలాదారు, అంటే ఇక్కడివారు అస్కారి అని పిలిచే మనిషి, రిజిస్టరులో సమయం రాసుకున్నాడో లేదో కూడా చూసుకోవాలి.

ఈ సూత్రానికి ఇన్నేళ్లలో ఎవరూ అడ్డు చెప్పలేదు. మొన్న గుంటూరు నుంచి వచ్చిన ఒక కొత్త కోడలు మాత్రం, చదివింది అకౌంట్సు కావడం వల్ల కాబోలు, అంతా శ్రద్ధగా విని, “బాబాయి గారూ, మరి మీ ఇంట్లో పనిచేసే దాదా ఏడున్నరకు కదా బయల్దేరుతుంది?” అని అడిగింది.

ఇక్కడ ఒక చిన్న వివరణ అవసరం. మన భాషలో దాదా అంటే బజారు మొత్తం తలుపులు మూసుకుంటుంది. స్వాహిలీలో దాదా అంటే అక్క లేదా చెల్లి, ఇంటి పనులు చేసే అమ్మాయిని కూడా అలాగే పిలుస్తారు. మా దాదా కంగేమిలో ఉంటుంది. గిన్నెలన్నీ కడిగి, పొయ్యి గట్టు తుడిచి, వైయాకీ వే అనే పెద్ద రోడ్డు మీదికి నడిచి వెళ్లి మటాటూ, అంటే ఇక్కడి ప్రైవేటు ప్రయాణికుల బండి, ఎక్కాలి. మటాటూ నిండితే తప్ప కదలదు, వాన చినుకు పడిందంటే ఛార్జీ పెరుగుతుంది. అస్కారి తన రిజిస్టరులో ఆమె బయటికి వెళ్లిన సమయాన్ని నిమిషంతో సహా రాసుకుంటాడు. ఆమె ఇల్లు చేరిన సమయం రాయడానికి ఆ పుస్తకంలో గడి గీయలేదు. ఇదంతా కోడలు పిల్లకు నేను ఓపికగా వివరించి, ఆరు గంటల సూత్రం భోజనాలు ఏడింటికి చేసేవారికే గానీ ఆ గిన్నెలు కడిగేవారికి వర్తించదని తేల్చి చెప్పాను.

అసలు 2019 జనగణన నాటికే జనాభా దాదాపు 44 లక్షలకు చేరిన ఈ నగరంలో అందరికీ ఒకే సూత్రం ఎలా కుదురుతుంది? కిబేరా, మథారే వంటి బస్తీలలో చాలా ఇళ్లకు మరుగుదొడ్డి ఇంట్లో ఉండదు, నాలుగు సందులు దాటిన తర్వాత ఉంటుంది. చీకటి పడ్డాక అక్కడిదాకా నడవడానికి ఆడవారు ఎంత భయపడతారో, ఆ దారిలో ఎన్ని దాడులు జరుగుతాయో 2010లోనే ఆమ్నెస్టీ ఇంటర్నేషనల్ ఒక నివేదికలో రాసింది. రాత్రిళ్లు బయటికి వెళ్లవద్దన్న మా సలహాను వారు పాటించాలంటే సాయంత్రం నుంచి మంచినీళ్లు తాగడం మానుకోవాలి. ఆరోగ్యానికి సంబంధించిన అంశం కనుక మా పరిధిలోకి రాదని దాన్ని పక్కన పెట్టాము.

దుస్తుల విషయంలో మాత్రం మేము మొదటి నుంచీ నిక్కచ్చిగానే ఉన్నాము. 2014 నవంబరులో పొట్టి గౌను వేసుకుందని ఒక యువతిని నగరం నడిబొడ్డున మటాటూ స్టేజీ దగ్గర, పట్టపగలు, మగవారి గుంపు చుట్టుముట్టి బట్టలు లాగేసింది. సిగ్గులేని బట్టలు వేసుకుందని కోపగించుకున్నవారు ఆమె ఒంటి మీద ఉన్న కాసిని బట్టలు కూడా తీసేసి సంస్కృతిని కాపాడారన్నమాట. ఆ నెల 17న వందలాది ఆడవారు “నా దుస్తులు, నా ఇష్టం” అంటూ ఉహురు పార్కు నుంచి ఊరేగింపు తీశారు. డిసెంబరులో ప్రభుత్వం బలవంతంగా బట్టలు ఊడదీయడాన్ని నేరంగా చట్టంలో చేర్చింది, అదీ ఉగ్రవాదాన్ని అణచడానికి తెచ్చిన భద్రతా చట్టాల సవరణలోనే. ఆడపిల్ల గౌను దేశభద్రతకు సంబంధించిన విషయమని మేము ఎప్పటి నుంచో అంటున్నదే కదా! అయితే ప్రమాదం గౌను వల్ల కాదు, లాగిన చేతుల వల్ల అన్నట్టుగా ఆ చట్టం రాసుకున్నారు. అది మాకు కొంచెం మింగుడుపడలేదు.

మగవారికి జాగ్రత్తలు చెప్పమా అంటే, చెబుతాము. ఈ ఊరి బార్లలో తాగే గ్లాసులో మత్తుమందు కలిపి, స్పృహ తప్పాక ఉన్నదంతా ఊడ్చుకుపోయే ముఠాలు ఉన్నాయి. ఆ మందును వాడుకలో మ్చేలె అంటారు, అంటే బియ్యం. మాలో ఒకాయన అలాగే అర్ధరాత్రి బియ్యం మింగి, తెల్లారి లేచేసరికి ఫోనూ, ఆ ఫోనులోని ఎంపెసా ఖాతాలో, అంటే ఇక్కడివారు ఫోను ద్వారా డబ్బు దాచుకుని పంపుకునే ఖాతాలో, ఉన్న డబ్బూ పోగొట్టుకున్నాడు. అంత రాత్రివేళ అక్కడికి ఎందుకు వెళ్లావని అడిగితే నొచ్చుకుంటాడని, అందరం చందాలు వేసుకుని కొత్త ఫోను కొనిచ్చాము. ఆ వారమే ఆడవారి కోసం ఆరు గంటల సూత్రాన్ని అయిదున్నరకు జరిపాము.

కోడలు పిల్ల ఇంతటితో ఊరుకుంటే బాగుండేది. అన్ని జాగ్రత్తలూ పాటించి ఇల్లు చేరాక ఇక భయం లేనట్టేనా అని అడిగింది. లేనట్టేనని అయిదుగురమూ ఏకకంఠంతో అన్నాము. ఆమె ఫోను తీసి అంకెలు చదవడం మొదలుపెట్టింది. 2023లో ప్రపంచం మొత్తం మీద భర్తల, ప్రియుల, సొంత కుటుంబసభ్యుల చేతుల్లో 51,100 మంది ఆడవారు, ఆడపిల్లలు హతమయ్యారని ఐక్యరాజ్యసమితి లెక్క కట్టింది, అందులో 21,700 మంది ఆఫ్రికాలోనివారు. కెన్యాలో 2024 ఆగస్టు నుంచి అక్టోబరు దాకా మూడు నెలల్లోనే 97 మంది ఆడవారు హత్యకు గురయ్యారని పోలీసు అధికారులే ప్రకటించారు. రివర్ రోడ్డులో దారి అడగకుండా ఉండవచ్చు, తన ఇంట్లో తాను తలుపు తీయకుండా ఎలా ఉంటుంది?

ప్రభుత్వం చేతులు కట్టుకుని కూర్చోలేదని నేను గుర్తు చేశాను. 2024 డిసెంబరు 10న, అదే మానవ హక్కుల దినం నాడు, ఆడవారిని చంపవద్దంటూ ఆడవారే నైరోబీ వీధుల్లోకి వచ్చినప్పుడు పోలీసులు వెంటనే స్పందించి బాష్పవాయువు ప్రయోగించారు. పోలీసులు పిలిస్తే రారని నిందించేవారికి ఇంతకన్నా ఏం జవాబు కావాలి? మరుసటి నెలలో అధ్యక్షుడు 42 మందితో ఒక కార్యబృందాన్ని కూడా నియమించాడు. దానికి సుప్రీంకోర్టులో ఉప ప్రధాన న్యాయమూర్తిగా పనిచేసిన నాన్సీ బరాజా అనే ఆవిడను అధ్యక్షురాలిగా పెట్టారని విన్నప్పుడు మాకు కాస్త తొందరపాటు అనిపించింది. మా అయిదుగురి అనుభవంలో ఇటువంటి విషయాలు ఆడవారు లేకుండా అయితేనే త్వరగా తెముల్తాయి.

ఎంతైనా కోడలు పిల్ల లేవనెత్తిన అంశాన్ని మేము తోసిపుచ్చలేదు. ఆడవారు వీధిలో ఉండకూడదనీ, ఇంట్లో ఉంటే హామీ ఇవ్వలేమనీ తేలింది కనుక, మధ్యలో మిగిలిన స్థలం గేటు దగ్గరి మెట్టు ఒక్కటే. అక్కడ అస్కారి కుర్చీ వేసి ఉంది. ఈ చిక్కును కూలంకషంగా చర్చించడానికి వచ్చే శనివారం మా ఇంట్లోనే ప్రత్యేక సమావేశం ఏర్పాటు చేశాము. భోజనాలు ఉన్నాయి కాబట్టి ముగిసేసరికి తొమ్మిది అవుతుంది. ఆ రోజుకు కాస్త ఆలస్యంగా వెళ్లమని దాదాకు ముందే చెప్పి ఉంచాము.