రెపో గొడవ ఢిల్లీది, వారం వాయిదా గొడవ మనది

ఏలూరులో పుట్టిన దువ్వూరి సుబ్బారావు పేరెత్తితే ఇప్పటికీ ఒకటే పాట: వరసబెట్టి పదమూడు సార్లు వడ్డీ పెంచారు, ఆర్థికమంత్రి చిదంబరంతో చెడింది, రూపాయి జారింది. 2008 సెప్టెంబరు 5న రిజర్వు బ్యాంకు గవర్నరు కుర్చీలో కూర్చున్న పది రోజులకే లేమన్ బ్రదర్స్ కూలడం, ఆర్నెల్లలో రెపో (బ్యాంకులకు రిజర్వు బ్యాంకు ఇచ్చే అప్పు మీద వడ్డీ) 9 నుంచి 4.75 శాతానికి దిగడం, 2011 అక్టోబరు నాటికి మళ్లీ 8.5కి ఎక్కడం అందరికీ తెలిసిన కథే. గోదావరి డెల్టా ఆయన్ని గుర్తుపెట్టుకోవలసింది మాత్రం మరో పనికి. పేద ఆడవాళ్లకు చిన్న చిన్న అప్పులిచ్చే మైక్రోఫైనాన్సుకు ముకుతాడు వేసినందుకు.

వడ్డీల పెంపు ఎదుగుదలను నొక్కేసిందన్న విమర్శ ఉత్తదేం కాదు. పరిశ్రమలు మొత్తుకున్నాయి. ఆర్థికమంత్రి 2012 అక్టోబరులో, ఎదుగుదల కోసం ప్రభుత్వం ఒంటరిగానైనా నడుస్తుందనేశారు. కానీ ధరలు మండుతుంటే గవర్నరు చేతులు ముడుచుకు కూర్చోవాలా అంటే విమర్శకుల దగ్గర జవాబు లేదు.

అసలు ఆ రెపో మన గట్ల దాకా ఎప్పుడొచ్చింది? పంట రుణానికి 7 శాతమని కేంద్రమే కట్టేసింది, గడువులో కడితే రాయితీ. ముంబైలో పావు శాతం అటూ ఇటూ అయితే ఆ అంకె కదలదు. బ్యాంకు గుమ్మం తొక్కలేనివాడికి నూటికి రెండు రూపాయలు, మూడు రూపాయలు. ఏడాదికి లెక్కేస్తే 24, 36 శాతం. ఆహార ధరలు పెరిగాయని, ముఖ్యంగా పాలు, గుడ్లు, చేపలు ప్రియమయ్యాయని రిజర్వు బ్యాంకు కలవరపడిన ఆ రోజుల్లోనే, 2011 సార్వాలో, గిట్టుబాటు కాదని కోనసీమ రైతులు చేలు బీడు పెట్టి పంట విరామం ప్రకటించారు. తినేవాడికి ధర మండింది, పండించేవాడికి గిట్టలేదు. ఈ రెంటి మధ్య దూరాన్ని ఏ వడ్డీ రేటూ పూడ్చలేదు.

మైక్రోఫైనాన్సు సంగతి అలా కాదు. అది నేరుగా ఇంటి అరుగు మీదికే వచ్చింది. వారం వారం మీటింగు, పదిమంది ఆడవాళ్లు, ఒక పుస్తకం. ఒకామె వాయిదా తక్కువైతే మిగతావాళ్లు వేసుకోవాలి. వేసుకునేదాకా ఎవరూ లేవడానికి లేదు. కంపెనీవాడు నోరెత్తనక్కర్లేదు, పక్కింటావిడే తిడుతుంది. ఈ బాకీకి వేరే కంపెనీలో కొత్త అప్పు, దానికి మూడో కంపెనీ. ఆత్మహత్యల వార్తలు వచ్చాక 2010 అక్టోబరులో రోశయ్య ప్రభుత్వం ఈ కంపెనీలకు పగ్గం వేస్తూ ఆర్డినెన్సు తెచ్చింది. వసూళ్లు కుప్పకూలాయి, కంపెనీలకు బ్యాంకులిచ్చే డబ్బు ఎండిపోయింది.

అప్పుడు కంపెనీల పక్షం వహించి రాష్ట్రాన్ని తప్పుపట్టడం తేలిక. రాష్ట్రం చూసుకుంటుందిలే అని ఊరుకోవడం ఇంకా తేలిక. 1993 నుంచి 98 దాకా ఇదే రాష్ట్రానికి ఆర్థిక కార్యదర్శిగా పనిచేసిన సుబ్బారావు ఆ రెండూ చేయలేదు. మైక్రోఫైనాన్సు సంగతి తేల్చడానికి మాలేగాం కమిటీని వేశారు. 2011లో నిబంధనలు వచ్చాయి: వడ్డీ 26 శాతం మించకూడదు, ఒకామెకు రెండు కంపెనీలకు మించి అప్పివ్వకూడదు, వారానికి కట్టాలో నెలకు కట్టాలో ఎంచుకునే హక్కు ఆమెదే. ఆలస్యమైందంటే ఒప్పుకుంటాను. 2006లో కృష్ణా జిల్లాలో ఈ అప్పుల మీదే గొడవైనప్పుడే రావలసిన నిబంధనలవి. అయినా అప్పిచ్చేవాడి లాభం మీద కాక అప్పు తీసుకునే ఆడమనిషి మీద చూపు నిలిపిన పని అది.

2022 మార్చిలో రిజర్వు బ్యాంకు వడ్డీ పరిమితి ఎత్తేసింది. నెల వాయిదాలన్నీ కలిపి ఇంటి ఆదాయంలో సగం దాటకపోతే చాలంది. బాగానే ఉంది, ఆ ఆదాయం ఎంతో రాసుకునేది ఎవరు? అప్పిచ్చేవాడే.

ఆడవాళ్లకు దక్కిన ఆ పాటి చూపు కౌలు రైతుకు ఇంతవరకూ దక్కలేదు. డెల్టాలో చేలో దిగేది ఎక్కువగా కౌలుదారే. పంట రుణం మాత్రం పాసుపుస్తకం ఉన్న ఆసామి పేరున. రాష్ట్రం తెచ్చిన 2019 సాగుదారు హక్కుల చట్టం ప్రకారం కౌలు కార్డు రావాలంటే ఆసామి సంతకం కావాలి, ఆయన పెట్టడు. ఎరువుల కొట్టులో ఖాతా, కమీషన్ ఏజెంటు దగ్గర అడ్వాన్సు, కళ్లంలోనే బస్తాలు తూచుకుపోవడం. బ్యాంకులు తమ రుణాల్లో 10 శాతం చిన్న, సన్నకారు రైతులకివ్వాలని రిజర్వు బ్యాంకు నియమం ఉంది. నోటిమాట కౌలుదారూ ఆ లెక్కలోకే వస్తాడు. అందుకే ఆసామికి బంగారం మీద ఇచ్చి ఆ కోటా నింపేసుకున్నా అడిగే నాథుడు లేడు. ఆ పదిలో కౌలుదారుకు ఇంత అని విడిగా వాటా కట్టి, ఏటా శాఖలవారీగా లెక్క బయటపెట్టమనాలి. దీనికి కొత్త చట్టం అక్కర్లేదు, గవర్నరు సంతకంతో ఒక సర్క్యులర్ చాలు.