వైద్యుణ్ని ఎంచుకునే వీలులేని రోగి

2002 జులైలో, ఆపరేషన్ పరాక్రమ్ పేరిట సైన్యాన్ని సరిహద్దులకు తరలించిన రోజుల్లో, జమ్మూ ప్రాంతంలో విధుల్లో ఉండి జబ్బుపడిన ఓ వైమానిక దళ ఉద్యోగిని సాంబాలోని 171 మిలిటరీ ఆసుపత్రిలో చేర్చి ఒక యూనిట్ రక్తం ఎక్కించారు. 2014లో అతనికి హెచ్‌ఐవీ ఉన్నట్టు తేలింది. ఆనాటి రక్తమార్పిడే దానికి కారణమని, కాబట్టి అది విధి నిర్వహణ వల్ల సంక్రమించిందేనని వైద్య మండళ్లు నిర్ధారించాయి. అవి సైన్యం స్వయంగా నియమించుకున్న మండళ్లే. అయినా అతని సర్వీసును పొడిగించకుండా 2016లో ఇంటికి పంపేశారు. పరిహారం కోరితే జాతీయ వినియోగదారుల కమిషన్ ఫిర్యాదును కొట్టివేసింది. 2023 సెప్టెంబరు 26న సుప్రీంకోర్టు 1,54,73,000 రూపాయలు చెల్లించాలని, సైన్యమూ వైమానిక దళమూ ఉమ్మడిగా బాధ్యత వహించాలని తీర్పు ఇచ్చేసరికి, రక్తం ఎక్కించి ఇరవై ఒక్క ఏళ్లు గడిచాయి.

ఆ పరిహారం మొత్తం కన్నా న్యాయమూర్తులు జస్టిస్ ఎస్. రవీంద్ర భట్, జస్టిస్ దీపాంకర్ దత్తా బాధ్యతను తేల్చిన తీరే ముఖ్యమైనది. రక్తమార్పిడి జరిగిన నాడు ఆ ఆసుపత్రిలో పాథాలజిస్టు గానీ, రక్తమార్పిడి నిపుణుడు గానీ లేరు. ఇలాంటి చోట నిర్లక్ష్యాన్ని రోగే రుజువు చేయాలంటే అతని చేతిలో ఏముంటుంది? రక్తం ఎక్కడి నుంచి వచ్చింది, ఏ పరీక్ష చేశారు, ఎవరు సంతకం పెట్టారు అనే వివరాలన్నీ ఎదుటి పక్షం బీరువాలోనే ఉంటాయి. అందుకే జరిగిన నష్టమే నిర్లక్ష్యానికి సాక్ష్యం చెబుతోందన్న న్యాయసూత్రాన్ని కోర్టు అన్వయించి, తాము జాగ్రత్తగా ఉన్నామని నిరూపించుకునే భారాన్ని అధికారుల మీదికి మళ్లించింది. సైనిక ఆసుపత్రులకు ఇదే సరైన కొలమానమని నా అభిప్రాయం. మామూలు రోగికి నచ్చకపోతే మరో ఆసుపత్రికి వెళ్లే వీలుంటుంది. విధుల్లో ఉన్న సైనికుడు పంపిన చోటికి వెళ్లాలి, చూసిన వైద్యుడితోనే చూపించుకోవాలి. ఆ వైద్యుడు అతనికి పై అధికారి కూడా. అందువల్ల ఆ ఆసుపత్రి జవాబుదారీతనం బయటి ఆసుపత్రుల కన్నా ఎక్కువగా ఉండాలి.

అమెరికాలో ఈ తర్కం తలకిందులైంది. అక్కడి సుప్రీంకోర్టు 1950లో ఫెరెస్ కేసులో, సర్వీసు సందర్భంలో కలిగిన హానికి సైనికులు ప్రభుత్వం మీద నష్టపరిహార దావా వేయలేరని తేల్చింది. దానితో కలిపి విచారించిన మరో కేసులో, సైనిక శస్త్రచికిత్స జరిగిన ఎనిమిది నెలల తర్వాత ఒక సైనికుడి కడుపులో 30 అంగుళాల పొడవు, 18 అంగుళాల వెడల్పు ఉన్న తువ్వాలు బయటపడింది. దాని మీద సైనిక వైద్య విభాగం ముద్ర కూడా ఉంది. అయినా దావా నిలవలేదు. సైనికులకు వేరే పరిహార ఏర్పాట్లు ఉన్నాయన్నది నాటి తీర్పులోని ఒక కారణం కాగా, దావాలు క్రమశిక్షణను దెబ్బతీస్తాయన్న వాదనను తర్వాతి తీర్పులు జోడించాయి. కడుపులో తువ్వాలు మరిచిన వైద్యుణ్ని ప్రశ్నిస్తే ఏ క్రమశిక్షణ చెడుతుందో ఆ తీర్పులు ఒప్పించేలా చెప్పలేదు. 1963 నాటి మరో తీర్పు ప్రకారం ఫెడరల్ జైళ్లలోని ఖైదీలు సైతం నష్టపరిహారం కోరుతూ ప్రభుత్వం మీద దావా వేయవచ్చు.

రిచర్డ్ స్టేస్కాల్ అనే ప్రత్యేక దళాల సైనికుడి పోరాటంతో 2019 డిసెంబరులో కొంత మార్పు వచ్చింది. 2017 జనవరిలో సైనిక ఆసుపత్రిలో తీసిన స్కాన్‌లో అతని ఊపిరితిత్తిలోని కణితిని పట్టించుకోలేదు. కొన్ని నెలల తర్వాత బయటి వైద్యుడు గుర్తించేనాటికి క్యాన్సర్ ముదిరిపోయింది. అతని పేరుతోనే వచ్చిన చట్టం వైద్య నిర్లక్ష్యం మీద సైనికులు రక్షణ శాఖకు క్లెయిము పెట్టుకునే వీలు కల్పించింది. కానీ క్లెయిమును పరిశీలించేదీ, నిర్ణయించేదీ ఆ శాఖే. ఆ నిర్ణయాన్ని కోర్టులో సవాలు చేసే వీలు లేదు. 2023లో సైన్యం స్టేస్కాల్ క్లెయిమునే తిరస్కరించింది.

మన సైనికుడికి కోర్టు తలుపులు మూసి లేవు కానీ, ఆ తలుపు దాకా వెళ్లే దారే అతి దూరం. సాయుధ దళాల ట్రైబ్యునల్ సర్వీసు వివాదాలను, కోర్టు మార్షల్ అప్పీళ్లను చూస్తుంది తప్ప వైద్య నిర్లక్ష్యానికి నష్టపరిహారం తేల్చే వేదిక కాదు. ఉచిత వైద్యం పొందే సైనికుడు వినియోగదారుడే కాడన్న అభ్యంతరాన్ని దాటడానికే ఏళ్లు పడుతుంది. సాంబా కేసులో సుప్రీంకోర్టు దాన్ని తోసిపుచ్చడం పెద్ద ఊరటే. అయితే ఇంటింటి నుంచీ సైన్యానికి వెళ్లే పశ్చిమ గోదావరి మాధవరం లాంటి ఊళ్లలో ఓ జవాను కుటుంబం ఢిల్లీ దాకా వెళ్లి ఇలాంటి వాజ్యం నడపగలదని అనుకోవడం అన్యాయం.

ఆసుపత్రి నుంచి పంపేటప్పుడే కేసు షీటు, రక్తమార్పిడి వివరాలు, పరీక్షల ఫలితాల ప్రతులను సైనికుడి చేతికి ఇవ్వడం రక్షణ శాఖకు కష్టమేమీ కాదు. దానికి కొత్త చట్టం అక్కర్లేదు. నిర్లక్ష్యం ఆరోపణ వచ్చినప్పుడు మాత్రం ఆ సైనికుడు పనిచేసే యూనిట్‌తోనూ, ఆ ఆసుపత్రితోనూ సంబంధం లేని పౌర వైద్యులు విచారణలో ఉండాలి, నిర్ణయానికి గడువు ఉండాలి, దాని మీద అప్పీలుకు వెళ్లే హక్కు సైనికుడికి ఉండాలి. అమెరికా 2019లో వదిలేసిన లోటు సరిగ్గా ఇక్కడే ఉంది.