నాలా అయిపోయింది సార్!

మొన్న ఆదివారం చేవెళ్ల రోడ్డు వైపు ఒక వెంచర్ చూసొచ్చాం. కొనే స్తోమత ఉండి కాదు. వాళ్లే కారు పంపిస్తామన్నారు, మధ్యాహ్నం బిర్యానీ అన్నారు, మా ఇంట్లో చూస్తే గ్యాస్ అయిపోయింది. మధ్యతరగతి వాడికి భూదర్శనం ఇలాగే ప్రాప్తిస్తుంది.

బ్రోచర్ మీద 'లేక్ వ్యూ' అని పెద్దక్షరాలు. నీలం రంగు చెరువు, అందులో రెండు హంసలు. మన చెరువుల్లో ఉండేవి కొంగలు, నీటికోళ్లు. హంసల్ని కంప్యూటర్‌లో వదిలారు కాబట్టి, పాపం, బతికే ఉన్నాయి.

కారు దిగగానే ఒక కుర్రాడు ఎదురొచ్చాడు. టక్ చేసుకున్నాడు, మెడలో ట్యాగు, పాతికేళ్లు కూడా ఉండవు. మొదటి మాటే "నాలా అయిపోయింది సార్!" అన్నాడు. నేను అయ్యో పాపం అన్నాను. తెలియనివాళ్ల కోసం చెప్తున్నా: సాగు భూమిని ఇళ్ల స్థలంగా మార్చే కాగితాన్ని రియల్ ఎస్టేట్ వాళ్లు నాలా అంటారు. వాననీళ్లను చెరువుకు చేర్చే కాలువనూ హైదరాబాద్‌లో నాలా అనే అంటాం. మొదటి నాలా ఆఫీసులో అయిపోయిందంటే రెండో నాలా నేలమీద అయిపోయినట్టే లెక్క. రెండిటికీ ఒకటే పేరు కుదిర్చిన వాడెవడో గాని, ముందుచూపు ఉన్నవాడు.

"డ్రైనేజీ ఎటు పోతుంది బాబూ?" అని మా ఆవిడ అడిగింది.

"మంచి వాలు ఉంది మేడమ్. చుక్క నిలవదు, మొత్తం అటే పోతుంది" అని చెయ్యి చాపాడు.

"అటు చెరువుంది కదా?"

"అదే మేడమ్, లేక్ వ్యూ!"

చాపిన చెయ్యి దించకుండానే రెండూ చూపించేశాడు. మన మురుగు పోయేదీ అక్కడికే, దాన్ని చూసుకుంటూ బాల్కనీలో టీ తాగడానికి గజానికి రెండు వేలు ఎక్కువ కట్టాల్సిందీ అందుకే.

మురుగును శుద్ధి చేసే ఎస్‌టీపీ ఏదని అడిగాను. బ్రోచర్‌లో అదొక ఆకుపచ్చ గడి. నేలమీద అదే గడిలో వినాయకుడి గుడికి ముగ్గు పోసి ఉంది. "ఫ్యూచర్‌లో వస్తుంది సార్" అన్నాడు. రేపు స్వామిని లేపి అక్కడ మురుగు శుద్ధి ప్లాంటు కట్టే మొనగాడు ఎవడో చూడాలని నాకూ ఉంది. పోనీ ఎఫ్‌టీఎల్ రాయి ఏది? అదీ ఉంది. దాని మీద మా డ్రైవర్ కూర్చుని రీల్స్ చూస్తున్నాడు. "ఇదివరకు ఇంకాస్త ఇటు ఉండేది సార్, కస్టమర్లు టెన్షన్ పడుతున్నారని..." అని ఆ కుర్రాడు నాలిక కరుచుకున్నాడు. చెరువు నిండితే నీళ్లు ఎక్కడిదాకా వస్తాయో చెప్పాల్సిన రాయి అది. దాన్ని కస్టమర్ ఎక్కడిదాకా వస్తాడో చూసుకుని పాతారన్నమాట.

"ఇదంతా ఒకప్పుడు ట్రిపుల్ వన్ సార్. ఇప్పుడు క్లియర్!"

క్లియర్ అన్నది అతని మాట. ట్రిపుల్ వన్ అంటే 1996 మార్చి 8 నాటి 111 జీవో. హైదరాబాద్‌కు తాగునీళ్లిచ్చిన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాల నిండు మట్టం నుంచి 10 కిలోమీటర్ల దాకా కాలుష్యం చేసే ఫ్యాక్టరీలు, పెద్ద హోటళ్లు, కాలనీలు వద్దంది. లేఅవుట్ వేస్తే 60 శాతం రోడ్లకీ ఖాళీ జాగాకీ వదలమంది. 84 ఊళ్లు, లక్షా ముప్పై రెండు వేల ఎకరాల పైమాట. నీళ్లు బాగుండాలంటే అవి పారివచ్చే నేల బాగుండాలన్న పాతకాలపు చాదస్తం. ఆముదం నుంచి రసాయనాలు తీసే ఒక ఫ్యాక్టరీకి ప్రభుత్వం మినహాయింపు ఇస్తే, 2000లో సుప్రీంకోర్టు చెల్లదు పొమ్మంది. ఆముదం తాగిన మొహం ఎవరిదో చెప్పక్కర్లేదు.

2022 ఏప్రిల్ 12న 69 జీవో వచ్చింది. ప్రభుత్వ సాహిత్యం నేను శ్రద్ధగానే చదువుతాను, అలాంటి వాక్యం మళ్లీ చూడలేదు. ఆంక్షలు ఎత్తేస్తున్నాం, కాని జలాశయాల నీటి నాణ్యత ఏ విధంగానూ దెబ్బతినకూడదు! వెయ్యిమందికి భోజనాలు పెట్టి, ఒక్క విస్తరి ఎంగిలి కాకూడదన్నట్టు. మరుసటి ఏడాది మేలో 111ను పూర్తిగా రద్దు చేస్తున్నామని మంత్రివర్గమూ చెప్పింది. కారణం? నగరం ఇప్పుడు ఆ నీళ్ల మీద ఆధారపడటం లేదట.

అమ్మ ముసలిదైంది, వంట మానేసింది, కాబట్టి ఆవిడ గదిలో చెత్త పోసుకోవచ్చు. అంతేగా?

1908 సెప్టెంబరులో మూసీ వేలమందిని పొట్టన పెట్టుకుంటే, విశ్వేశ్వరయ్య సలహా మీద కట్టినవి ఆ రెండూ. మనం గండిపేట అనే ఉస్మాన్‌సాగర్ 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో. గండిపేట నీళ్లు మోటారు అవసరం లేకుండా, వాలు మీదే ఆసిఫ్‌నగర్ ఫిల్టర్ బెడ్స్‌కి నడిచొచ్చేవి. ఇప్పుడు నూరు కిలోమీటర్ల అవతలి కృష్ణ నీళ్లను కరెంటు పెట్టి తోడుకుంటూ, పక్కనున్న వాటిని 'ఎవరూ తాగట్లేదు కదా' అంటున్నాం. ఎవరు మాన్పించారయ్యా? మూసీ సుందరీకరణకు వేల కోట్లంటారు. నగరం దాటాక ఆ మురుగుతోనే రైతులు వరి పండిస్తున్నారు. మూసీ కాస్త మూసీలా మిగిలింది ఎక్కడయ్యా అంటే, తాను పుట్టే అనంతగిరి నుంచి గండిపేట దాకా. కింద కోట్లు పెట్టి కడుగుతామంటూ పైన మురికికి తలుపు తీసే చేతుల్ని ఏమనాలి? సిగ్గు అనే శాఖ ఏ మంత్రి దగ్గరుంది?

ఆ 84 ఊళ్ల రైతుల బాధ అబద్ధమనడం లేదు. పక్క మండలంలో ఎకరం కోట్లు పలుకుతుంటే తన ఎకరం బిడ్డ పెళ్లికి కూడా అక్కరకు రాలేదు. ఆ నీళ్లు తాగిన నగరం వాళ్లకు బాకీ. ఆ బాకీ తీర్చమంటే, తీసుకెళ్లి చెరువు మెడకు కట్టారు.

బిర్యానీ మాత్రం బాగుంది. తిన్నాక చెయ్యి కడుక్కోవడానికి క్యాన్ నీళ్లు ఇచ్చారు, బోరు నీళ్లు వాసనొస్తున్నాయట.

నిన్న సాయంత్రం రెండు గంటలు జోరున కురిసింది. ఏడింటికి ఆ కుర్రాడి ఫోన్: "సార్, మంచి ఆఫర్! ఇప్పుడు మన వెంచర్‌లో అన్ని ప్లాట్లూ లేక్ వ్యూనే."