డిజిటల్ చేసేశాం

తెలుగులో ‘చేశాం’ వేరు, ‘చేసేశాం’ వేరు. ‘చేశాం’ అన్నవాణ్ణి ఎలా చేశావు, ఎంతవరకు చేశావు అని నిలదీయొచ్చు. ‘చేసేశాం’ అన్నవాణ్ణి అడగడానికేమీ మిగలదు. పని వదిలింది, చేతులు కడుక్కున్నాడు, తువ్వాలు కూడా ఆరేసుకున్నాడు. మన ఉత్తరాంధ్రలో ఒక యూనివర్సిటీ వారు (ఏదని అడక్కండి, మీరు అనుకున్నదే కానక్కర్లేదు) తమ పాత రికార్డులన్నీ ‘డిజిటల్ చేసేశాం’ అని బ్యానర్ కట్టారు. జాతి గర్వించాల్సిన సందర్భం కాబట్టి ఆ ప్రారంభోత్సవాన్ని కాస్త వివరంగా చెప్పుకోవడం మన విధి.

బల్ల మీద ఎర్ర పట్టుగుడ్డ, దాని మీద ఇత్తడి పళ్లెం, పళ్లెంలో తమలపాకులు, వక్కలు, అరటిపళ్లు. వాటి నడుమ పెళ్లికొడుకులా ఒక టెరాబైట్ హార్డ్ డిస్క్. పంతులుగారు మంత్రం అందుకున్నారు. పసుపు రాశారు. కుంకుమ బొట్టు ఎక్కడ పెట్టాలో శాస్త్రంలో లేదు కనుక, నోరులా కనిపించిన చోట పెట్టారు. అది కేబుల్ దూర్చే కన్నం. కొబ్బరినీళ్లు మాత్రం చల్లలేదు, ఆపాటి సాంకేతిక పరిజ్ఞానం వేదిక మీద ఉంది. హారతిచ్చారు. స్కానింగ్ కాంట్రాక్టరుకు శాలువా కప్పారు. డిస్కుకీ కప్పబోయి, ఫొటోలో కనబడదని మానుకున్నారు.

వెనక వరసలోంచి ఎవరో కుర్రాడు, పెంపకలోపం కాబోలు, “సార్, ఒక్క ఫైలు తెరిచి చూపించండి” అన్నాడు. లాప్‌టాప్ వచ్చింది. కేబుల్ రాలేదు. ఆ డిస్కుకి ఇప్పటి టైప్-సి ఫోన్ చార్జర్ వైరు సరిపోదు. వెడల్పుగా, రెండు ముక్కలు పక్కపక్కన అతికించినట్టుండే మైక్రో-బి కేబుల్ కావాలి. అది కాంట్రాక్టరు బ్యాగులో ఉంది, బ్యాగు బొబ్బిలిలో ఉంది. “ఎక్కడికి పోతాయి బాబూ, అందులో ఉంటాయిలే” అని పెద్దలు దీవించారు. డిస్కుని బీరువాలో పెట్టారు. అటెండరు దాని చుట్టూ నాలుగు కలరా ఉండలు వేశాడు. ఎందుకయ్యా అంటే, “సెదలు పట్టకుండా బాబూ” అన్నాడు. ఆ సభ మొత్తంలో భద్రపరచడం గురించి ఆలోచించిన మనిషి అతనొక్కడే. తాళంచెవి సూపరింటెండెంటు గారికి ఇచ్చారు. ఆర్నెల్లకు ఆయన బదిలీ అయ్యారు. తాళంచెవి కూడా ఆయనతోపాటే బదిలీ అయిందని గిట్టనివాళ్లు అంటారు.

ఇంతకీ అందులో ఏముంది? బ్యానర్ మీద ‘లక్షలాది పేజీలు’ అని ఉంది. చిన్న లెక్క. ఒక ఏ4 కాగితాన్ని రంగుల్లో 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు) మీద స్కాన్ చేసి, కుదించకుండా టిఫ్ ఫైలుగా దాస్తే దాదాపు 25 ఎంబీ. ఆ లెక్కన టెరాబైటులో 40 వేల పేజీలు పట్టడం గగనం. లక్షలు పట్టాయంటే స్కానరు 150 డీపీఐ మీద నడిచిందనో, సైజు తగ్గించడానికి వివరాలు వదిలేసే జేపెగ్‌లో పిప్పి పిండేశారనో అర్థం. అచ్చుకాగితానికి అదీ నడిచిపోతుందేమో. వెలిసిన సిరా, కార్బన్ కాపీ, గుమస్తా గారి గొలుసుకట్టు రాత అయితే 8కీ 3కీ తేడా ఉండదు. ఉండాల్సింది మాస్టరు కాపీగా 300 లేక 400 డీపీఐ టిఫ్, చదువుకోవడానికి దాన్నుంచి తీసిన పీడీఎఫ్-ఏ. ఆ పీడీఎఫ్-ఏ అనేది దీర్ఘకాలం దాచడానికే 2005లో వచ్చిన ప్రమాణం. అక్షరరూపాలు కూడా ఫైలు లోపలే ఉంటాయి కాబట్టి రేపటి కంప్యూటర్లో ఆ ఫాంటు లేకపోయినా అక్షరం చెదరదు.

కూలి పేజీకి ఇంతని కట్టారు కాబట్టి కాగితాలు ఆటోఫీడరులో పోశారు. పిన్ను తీయని చోట రెండు కాగితాలు ఒకటిగా వెళ్లాయి. టాబ్యులేషన్ రిజిస్టరు (టీఆర్, పిల్లల మార్కులన్నీ ఎక్కించే పుస్తకం) ఏ4 కంటే వెడల్పు. దాన్ని ఏ4 గాజు మీద బోర్లించి, పట్టినంత మేర పట్టారు. కుడి అంచున తెగిపోయిన రెండు గళ్లలో ఒకటి మొత్తం, ఇంకోటి ఫలితం. రెండు జిల్లాల పిల్లలూ పరీక్షలు రాశారు, మార్కులూ వచ్చాయి, పాసవడమొక్కటే అంచుతో పాటు పోయింది.

పేర్ల సంగతి ఇంకా రమ్యం. స్కానరు తనంతట తాను స్కాన్0001, స్కాన్0002 అని పేర్లు పెట్టుకుంటూ పోతుంది. 9999 అయ్యాక మళ్లీ 0001. రెండో విడత ఫైళ్లను అదే ఫోల్డర్లోకి కాపీ చేస్తుంటే కంప్యూటరు మర్యాదగా అడిగింది, ‘ఉన్నవాటి మీద రాసేయనా?’ అని. టీ వేళయింది. ‘అన్నిటికీ ఎస్’ నొక్కేశారు. ఒక్క నొక్కుతో ఒక విడత సాంతం మాయం. ‘1998_బీఎస్సీ_టీఆర్_0001’ అని విడత మొదట్లోనే ఒక వరస పెట్టి ఉంటే ఈ ఉపద్రవమే లేదు. ఏ సంవత్సరం, ఏ కోర్సు, ఏ రిజిస్టరు, ఎన్నో పేజీ, ఎవరు ఏ రోజు స్కాన్ చేశారు, ఇంతమాత్రం ఒక ఎక్సెల్ పట్టికలో రాసుకుంటే దాన్నే మెటాడేటా అంటారు. పేరు వినగానే దాన్ని ఐటీ వాళ్ల పని అనుకుంటారు. మన ఊరి కరణాలు కంప్యూటరు పేరు వినకుండానే చేసిన పని అది.

పుట్టుకతోనే డిజిటల్ అయిన రికార్డులు ఉన్నాయిగా అంటారు. ఉన్నాయి. పాత మీటింగుల మినిట్స్ పేజ్‌మేకర్ అనే డీటీపీ సాఫ్ట్‌వేర్లో ‘అను’ అనే తెలుగు ఫాంట్లతో కొట్టినవి. వాటిలో నిజంగా దాగి ఉన్నది తెలుగు కాదు, ఇంగ్లిషు అక్షరాల సంకేతాలు. ఫాంటు ఆ సంకేతాలకు తెలుగు వేషం వేసేది. ఫాంటు లేని మెషీన్లో తెరిస్తే సెనేటు తీర్మానం పిల్లి కీబోర్డు మీద నడిచినట్టు ఉంటుంది. ఫాంటూ, దాన్ని ఎరిగిన మనిషీ ఉండగానే యూనికోడ్‌లోకి (తెలుగు అక్షరాలకు సొంత సంకేతాలున్న ప్రమాణం అది) మార్చి, పాత ప్రింటుతో పక్కన పెట్టి పోల్చుకోవాలి. ఒత్తులు జారిపోయేది అక్కడే. మార్కులేమో ఫాక్స్‌ప్రో అనే పాత డేటాబేస్ సాఫ్ట్‌వేర్లో. దాని డీబీఎఫ్ ఫైలు ఇవాళ్టికీ తెరుచుకుంటుంది, కానీ లోపల కాలేజీ 07, సబ్జెక్టు 23. 07 అంటే పాలకొండో పార్వతీపురమో చెప్పే కోడ్ల పుస్తకం ఒక గుమస్తా సొరుగులో ఉండేది. ఆయన రిటైరయ్యాడు. సొరుగు ఖాళీ చేసేశారు.

బ్యాకప్ లేదని మాత్రం నిందించలేం. పక్క గదిలో ఇంకో డిస్కు ఉంది. అదే స్లాబు, అదే కరెంటు లైను. 2014 అక్టోబరులో హుద్‌హుద్, 2018 అక్టోబరులో తిత్లీ చూసిన నేల మీద నిలబడి ‘పక్క గది’ అనడానికి గుండెధైర్యం కావాలి. మూడు కాపీలు, రెండు రకాల మాధ్యమాలు, ఒకటి వేరే చోట అన్నది అందరూ చెప్పే సూత్రం. మనకి ‘వేరే చోటు’ అంటే విశాఖ కూడా కాదు. అదీ ఇదే ఒడ్డు, అదే తుపాను. ఏ కర్నూలో హైదరాబాదో చూసుకోవాలి. మూడో కాపీ ఒక ఉద్యోగి సొంత జీమెయిల్లో భద్రంగా ఉందట. ఉచిత చోటు 15 జీబీ, రెండేళ్లు ముట్టుకోకపోతే ఖాతానే తీసేస్తామని గూగుల్ 2023లోనే చెప్పింది. ఆ ఉద్యోగి ఇప్పుడు మనవలతో ఆడుకుంటున్నాడు.

పోనీ, డిస్కు బాగుందో లేదో తెలిసేదెలా? ప్రతి ఫైలుకీ ఒక వేలిముద్ర తీయొచ్చు. షా-256 అంటారు, 64 అక్షరాల ముద్ర. ఫైల్లో ఒక్క బిట్టు మారినా ముద్ర మారిపోతుంది. విండోస్‌లో సర్ట్‌యుటిల్ అనే కమాండు ఉండనే ఉంది, పైసా ఖర్చు లేదు. మొదటిరోజు ముద్రలు రాసి ఉంచుకుని, ఏడాదికోసారి మళ్లీ తీసి పోల్చడం, నాలుగైదేళ్లకోసారి కొత్త డిస్కులోకి మార్చడం. అంతే. కాగితం, రాయి నిర్లక్ష్యాన్ని ఓర్చుకుంటాయి. శ్రీముఖలింగం గుడి శాసనం శతాబ్దాలుగా ఎవరూ పట్టించుకోకపోయినా అక్కడే ఉంది. డిస్కు ఆవులాంటిది. గడ్డి వేయకుండా కొట్టంలో కట్టేసి ‘ఆవుని భద్రపరిచేశాం’ అనకూడదు.

ఇదంతా నవ్వుకుని వదిలేద్దును. కానీ స్కానింగ్ అయ్యాక అసలు రిజిస్టర్లని తూకానికి అమ్మేశారు. అంచు తెగిందో లేదో ఒక్క పేజీ కూడా పోల్చకుండా అమ్మేశారు! వాటితో పాటు ఒక అట్టపెట్టె క్యాసెట్లు కూడా. సీతంపేట కొండల్లో పరిశోధక విద్యార్థులు రికార్డు చేసుకొచ్చిన సవర గిరిజన ముసలమ్మల పాటలు. బాగా కుదించిన 64 కేబీపీఎస్ ఎంపీ3గా మార్చేశారట, ఇంకెందుకు అన్నారట. ఎందుకా? గిడుగు రామమూర్తి గారు సవరల మధ్య తిరిగి, ఆ భాష నేర్చి, చెవి పోగొట్టుకుని వ్యాకరణం రాస్తే, 1931లో అచ్చయిన ఆ పుస్తకం ఈ రోజుకీ వేలితో తిప్పితే తెరుచుకుంటోంది. ఆ ముసలమ్మలు పోయారు, మళ్లీ పాడరు. ఆ గొంతుల్ని గోనెసంచిలో వేసి కిలోల లెక్కన అమ్మినవాడికి ఏ మెమో ఇచ్చారు? ఇవ్వలేదు. శాలువా ఇచ్చారు. రికార్డులన్నీ వరసపెట్టి, సూచికలు రాసి ఉంచాలని 2005 సమాచార హక్కు చట్టం నాలుగో సెక్షను మొదట్లోనే చెబుతోంది. శ్రీకాకుళం ఊళ్లోనే, రిటైరైన బడిపంతులు కాళీపట్నం రామారావు మాస్టారు 1997లో కథానిలయం అనే తెలుగు కథల గ్రంథాలయం పెట్టి, ఏ కథ ఏ పత్రికలో ఎప్పుడొచ్చిందో పట్టికలు కట్టించారు. ఆయనకి రిజిస్ట్రారూ లేడు, బడ్జెట్టూ లేదు. సిగ్గు ఉండక్కర్లేదా?

సరే, కోపం ఆరోగ్యానికి మంచిది కాదు. శుభవార్తతో ముగిద్దాం. డిజిటల్ రికార్డులకు భద్రత చాలడం లేదని యూనివర్సిటీ వారు గుర్తించి రెండో దశ టెండరు పిలిచారు. డిస్కులో ఉన్న పేజీలన్నీ ప్రింటు తీసి, ఫైళ్లు కట్టి, బీరువాల్లో సర్దాలి. పేజీకి ఇంత. షరతుల్లో ఏడోది: కేబుల్ కాంట్రాక్టరే తెచ్చుకోవాలి.