సవరణ: సర్టిఫికెట్ ఉంటే సైట్ వాడటం తేలికేనన్న మాట గురించి

ఐఎస్ఓ (అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ) సర్టిఫికెట్ చూపించిన డిజైనర్‌కే వెబ్‌సైట్ పని ఇవ్వండి, ఎవరైనా తేలిగ్గా వాడతారని గ్యారంటీ ఉంటుంది అని పోయిన వారం రాశాను. అది తప్పు.

చిన్న తప్పు ముందు: ఐఎస్ఓ ప్రమాణాలు రాస్తుంది, సర్టిఫికెట్లు ఇవ్వదు. ఇచ్చేవి వేరే సంస్థలు.

పెద్ద తప్పు గ్యారంటీ అనడం. 2018లో సవరించిన ఐఎస్ఓ 9241-11 అనే ప్రమాణం చెప్పేదేమిటంటే, ఫలానా మనుషులు ఫలానా పనిని ఫలానా పరిస్థితుల్లో అనుకున్నట్టు, ఎక్కువ శ్రమ లేకుండా, తృప్తిగా చేయగలిగారా అన్నదే సౌలభ్యం. అంటే అది బంగారానికి హాల్‌మార్క్ వేసినట్టు సైట్‌కి వేసే ముద్ర కాదు. ఈ సంగతి నాకు ముందే తెలిసుండాలి. ఐస్ ఆర్డర్ల కోసం నేను చేసిన పేజీ విశాఖ ఎంవీపీ కాలనీలో ఫ్యాన్ కింద, పెద్ద స్క్రీన్ మీద భేషుగ్గా నడిచింది. ఫిషింగ్ హార్బర్‌లో తెల్లారేసరికి తడి చేతులతో ఫోన్ పట్టుకున్నాయన మాత్రం రెండు నొక్కులు నొక్కి, "ఇదెక్కడి గోలండీ" అని నేరుగా ఫోన్ చేసి ఆర్డరిచ్చేశాడు. పేజీ అదే మరి!

అలాగని సర్టిఫికెట్లన్నీ దండగ అనను. మామూలు సైజు అక్షరాల రంగుకీ వెనక రంగుకీ తేడా (కాంట్రాస్ట్) కనీసం 4.5:1 ఉండాలన్న నియమాన్ని, అంటే వెబ్‌సైట్లు అందరూ వాడగలిగేలా ఉండాలని రాసిన డబ్ల్యూసీఏజీ మార్గదర్శకాల్లోని నియమాన్ని, కొలిచి చెప్పొచ్చు. ప్రభుత్వ సైట్లను కేంద్ర ప్రభుత్వ పరీక్షా సంస్థ ఎస్‌టీక్యూసీ అలాంటి మార్గదర్శకాలతోనే పరీక్షించి ధ్రువపత్రం ఇస్తుంది. అయితే అది నియమాలు పాటించారనడానికి రుజువు. హార్బర్‌లో ఆయన ఐస్ ఆర్డర్ చేయగలడా అంటే, పక్కన నిలబడి చూడాల్సిందే.

పాత పోస్టులో ఆ వాక్యం కొట్టేశాను.