పీకించేయ్, పీడా పోతుంది

మొన్న బంధువుల గృహప్రవేశానికి కుడి బుగ్గ చేత్తో పట్టుకుని వెళ్ళడం నాదే తప్పు. ఎవరైనా బుగ్గ పట్టుకుని కనిపిస్తే మనవాళ్ళు ఊరుకుంటారా? విస్తట్లో బూరె పడేలోపే తీర్పు వచ్చేసింది. "పీకించేయ్, పీడా పోతుంది."

తీర్పిచ్చింది మా పెద్ద మామయ్య. కరెంటాఫీసులో ముప్ఫై ఏళ్ళు చేశారు గనక నరాల సంగతి ఆయనకి బాగా తెలుసు. ఇప్పటికి తొమ్మిది పళ్ళు పీకించుకున్నారు. "ఏమైంది నాకు? దుక్కలా లేనూ?" అని అడుగుతూ గారెని సాంబార్లో ముంచి, అది మెత్తబడేదాకా దానికి కాపలా కాస్తున్నారు. అప్పడాన్ని అప్పటికే పక్కవాడి ఆకులోకి నెట్టేశారు. ఆవకాయ టెంకని మాత్రం ఆ దవడకీ ఈ దవడకీ తిప్పి తిప్పి, ఎవరూ చూడట్లేదనుకుని అరిటాకు అంచు కింద దాచారు. నేను చూశాను.

ఎదుటి వరసలోంచి పిన్ని అందుకుంది. "పై పన్ను జోలికి మాత్రం పోకు నాయనా, కంటిచూపు పోతుంది." నాది కింది పన్ను పిన్నీ అన్నాను. "అయితే ఇంకేం, పీకించేయ్!" కంటిచూపుకీ పంటికీ సంబంధం లేదని చెప్పబోతే పక్కనున్న బావగారు ఫోన్లో ఏదో బిళ్ళ పేరు చూపించాడు. ఆయన వెళ్ళే మందుల షాపు కుర్రాడు ఏ నొప్పికైనా ఆ యాంటీబయాటిక్కే ఇస్తాడట. నరం వాచి నొప్పి పెడుతుంటే యాంటీబయాటిక్ మింగి లాభం లేదు. కానీ షాపు కుర్రాడిని కాదని చెప్పడానికి నేనెవణ్ణి? అందరిలోకీ నాకు పనికొచ్చిన వైద్యుడు వంటాయన ఒక్కడే. మాట్లాడకుండా ఓ లవంగం తెచ్చి చేతిలో పెట్టాడు.

"రూట్ కెనాల్ చేయించుకుంటాను మామయ్యా" అన్నాను. సాంబారు బకెట్టుతో సహా పంక్తి మొత్తం ఆగిపోయింది.

"ఒక్క పంటికి అయిదు వేలా! ముప్ఫై రెండున్నాయి కదరా?"

సరిగ్గా అప్పుడే హాల్లో కొత్త గోడకి వెంట్రుకవాసి బీట ఒకటి బయటపడింది. భోజనాలు వదిలేసి అయిదుగురు పెద్దమనుషులు దాని ముందు నిలబడ్డారు. ఏ సిమెంటు పూయాలి, ఎంత లోతు గీకాలి, ఎన్నాళ్ళు తడపాలి అని అరగంట సేపు నడిచింది చర్చ. గోడ కూలగొట్టేయండి, పీడా పోతుందని ఒక్కరైనా అన్లేదు. ఇంకా మూడు గోడలున్నాయి కదా అని మామయ్యకీ తోచలేదు.

తమాషా ఏమిటంటే పంటి డాక్టర్లు చేసేదీ ఆ మేస్త్రీ పనే. కాలిఫోర్నియాలోని లోమా లిండా యూనివర్సిటీలో 1990లలో తయారుచేసిన ఎంటీఏ అనే పొడి పోర్ట్‌లాండ్ సిమెంటుకి సొంత తమ్ముడు. ఎక్స్‌రేలో కనబడేందుకు కాస్త బిస్మత్ కలుపుతారంతే. పుచ్చు లోపలిదాకా దిగినా నరం ఇంకా బతికే ఉంటే, దాని మీద ఈ సిమెంటు కప్పితే కింద కొత్త గోడ ఆ నరమే కట్టుకుంటుంది. చన్నీళ్ళు తగిలినప్పుడు జివ్వుమని రెండు క్షణాల్లో తగ్గిపోతే చాలావరకు ఆ దశ అన్నమాట. అది దాటిపోయి, అర్ధరాత్రి పడుకోగానే పోట్లు మొదలై తెల్లార్లూ కూర్చోబెడితే, లోపల వాచిన గుజ్జుకి, అంటే మనం నరం అనేదానికే, ఉబ్బడానికి చోటు లేదని అర్థం. చుట్టూ రాతిగోడ కదా! అప్పుడు ఆ గుజ్జు తీసి, సన్నటి ఆకురాళ్ళతో కాలువలు గీకి, కడిగి, గట్టాపర్చా అనే గట్టిపడ్డ చెట్టు పాలతో నింపుతారు. రూట్ కెనాల్ అంటే అదే. 1858లో అట్లాంటిక్ అడుగున వేసిన టెలిగ్రాఫ్ తీగకి చుట్టింది ఆ చెట్టు పాలనే. సముద్రం నీళ్ళనే ఆపబోయింది, మా మామయ్య ముందు మాత్రం నిలవలేకపోయింది.

నా ఆరోగ్య బీమా కాగితం కూడా మామయ్య పార్టీయే. లారీ గుద్ది పళ్ళు రాలితే డబ్బిస్తారు. పుచ్చితే ఇవ్వరు. అంటే పన్ను దక్కించుకోవాలంటే ముందు లారీ కింద పడాలి.

ఇంతవరకూ నవ్వుకుందాం. మా ఇంట్లో గిన్నెలు తోమే ఆవిడకి ఎనిమిదేళ్ళ కూతురుంది. కింది దవడపన్ను పుచ్చి రాత్రిళ్ళు ఏడుస్తుంటే సర్కారు ఆస్పత్రికి తీసుకెళ్ళింది. "నరం వైద్యం ఇక్కడ లేదమ్మా, బయట చేయించుకో, లేదా పీకేస్తాం" అన్నారు. బయట అడిగిన డబ్బు ఆవిడ నెల జీతం. పీకించుకొచ్చింది. పాలపన్ను కాదు, ఆరేళ్ళకి మొలిచే శాశ్వతమైన పన్నది, వేరు పూర్తిగా దిగడానికే ఇంకా ఏడాదో రెండేళ్ళో పట్టేది. ఆ వయసులో నరానికి తనంతట తాను కోలుకునే శక్తి మనలో ఎవరికీ లేనంత ఉంటుంది. పైపైన వాచిన భాగం తీసేసి, చిటికెడు సిమెంటు పెట్టి మూస్తే బహుశా అరవై ఏళ్ళు నమిలేది. చిటికెడు! ఊరి నిండా కటౌట్లు కట్టడానికి డబ్బుంటుంది, ఫ్లైఓవర్ల కింద పూలకుండీలకుంటుంది, ఓ పసిదాని నోట్లో చిటికెడు పొడి పెట్టడానికి ఉండదా? పీకడం ఒక్కటే ఉచితంగా ఇస్తారా? సిగ్గులేదా?

ఊడిన పన్నుని ఆ పిల్ల కాగితంలో చుట్టి ఇంటికి తెచ్చుకుంది. పాలపళ్ళకి చేసినట్టే పేడలో పెట్టి ఇంటి కప్పు మీదకి విసిరింది. నాలుగు నెలలైంది. నిన్న వాళ్ళమ్మతో వచ్చి, నా ముందు నోరు తెరిచి ఆ ఖాళీ చూపించి, కొత్తది ఇంకా రాలేదేంటి అంకుల్ అని అడిగింది.