అరగుండు దొరగారికి

మహారాజశ్రీ మా కారు ఎడమ వెనక టైరు గారి సముఖానికి,

నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి అని మొదలుపెడదామనుకున్నాను గానీ, ఉభయుల్లో ఒకరు దుకాణం వెనక పాత టైర్ల గుట్టలో పడున్నారు, రెండోవారు 572 డాలర్ల బిల్లు పట్టుకుని నిలబడున్నారు. కాబట్టి కుశలం సంగతి వదిలేద్దాం.

శనివారం నేను పెట్టుకున్న పని చాలా చిన్నది. ఒంటిగంటకి ఆయిల్ మార్పించడం, రెండింటికి ఇంటికొచ్చి పప్పుచారన్నం తిని కాసేపు నడుం వాల్చడం, ఐదింటికి నెవార్క్ ఎయిర్‌పోర్టుకి వెళ్లి అత్తగారినీ మావగారినీ తీసుకురావడం. కారుని పైకెత్తిన ఐదు నిమిషాలకే ఆ కుర్రాడు వెయిటింగ్ రూమ్ గుమ్మంలోకొచ్చి, ఒకసారి లోపలికి రాగలరా అన్నాడు. ఆపరేషన్ థియేటర్ బయట కూర్చున్న చుట్టాల్ని పిలిచే గొంతు అది.

టార్చి వేసి, చెయ్యి పెట్టి చూడండి, మెల్లగా, అన్నాడు. పెట్టాను. బయటివైపు గాడులు నిక్షేపంగా ఉన్నాయి, వేలి కొస దిగుతోంది. మధ్యలో పర్వాలేదు. అక్కణ్ణుంచి లోపలికి జరిపేసరికి నున్నగా తగిలింది, కొండ మీద కల్యాణకట్టలోంచి అప్పుడే బయటికొచ్చిన తలలాగా. ఇంకాస్త పోనిచ్చేసరికి సూదిలాంటిదేదో గుచ్చుకుంది. ఉక్కు తీగ. తమరి ఎముక.

మొత్తం గుండయితే మొక్కు తీర్చుకున్నారనుకునేవాణ్ణి. తమరిది అరగుండు. వెనకటికి ఊళ్లలో దొంగ దొరికితే అరగుండు గీసి, సున్నబ్బొట్లు పెట్టి, గాడిద మీద ఊరేగించేవారట. ఇక్కడ అరగుండు తమరిది, ఊరేగింది మాత్రం నేను. గాడిద ఎవరన్నది మా ఆవిడ ఇప్పటికే తేల్చేసింది.

మా సైజు స్టాకు లేదన్నారు. వేరే ఊరి నుంచి తెప్పించాలన్నారు. నాలుగున్నర గంటలు. మాడిన కాఫీ మూడు కప్పులు, టీవీలో ఎవరో ఎవరి వంటగదినో పగలగొట్టి మళ్లీ కట్టే కార్యక్రమం. నెవార్క్‌లో దిగిన అత్తగారు ఒళ్లో ఆవకాయ జాడీ పెట్టుకుని టాక్సీలో ఇంటికొచ్చారు. రాగానే ఒకే ఒక్క మాట అన్నారట: "అల్లుడుగారికి ఏదో పనుండుంటుందిలేమ్మా." తిట్టినా బాగుండేది.

అయ్యా, తమరిని నేను ఊరికే తెచ్చుకోలేదు. మూడు వారాలు ఎక్సెల్ షీట్ వేసుకుని వెతికాను. నా పెళ్లికి కూడా ఇన్ని జాతకాలు చూడలేదు మా వాళ్లు. తమరి జాతకం ఇప్పటికీ కంఠతా వచ్చు: 225/45 ఆర్17, 94 డబ్ల్యూ, ట్రెడ్‌వేర్ (అరుగుదల మార్కు) 500, ట్రాక్షన్ (తడిలో పట్టు) ఎ, టెంపరేచర్ (వేడికి తట్టుకోవడం) ఎ. 500 అంటే ఏదో 50 వేల మైళ్లలాంటిదని మురిసిపోయాను. తీరా చూస్తే మైళ్లకీ దానికీ సంబంధమే లేదు. టెక్సాస్‌లో శాన్ ఏంజెలో చుట్టూ ఒక దారుంది. ప్రభుత్వం పద్ధతి ప్రకారం ఆ రోడ్ల మీద 7,200 మైళ్లు తిప్పి, 100 మార్కులున్న ఇంకో టైరుతో పోల్చి, ఆ లెక్కన ఊహించి వేసే మార్కు అది. వేసేదెవరయ్యా అంటే టైరు కంపెనీయే. పిల్ల జాతకం పిల్ల తండ్రే రాసుకొచ్చాడన్నమాట. పైగా ఆ పరీక్షకెళ్లే కార్లకి అలైన్‌మెంట్, అంటే చక్రాలు సరైన కోణంలో ఉన్నాయా అని, చూస్తారు, టైర్లని చోటు మారుస్తారు, గాలి కొలుస్తారు. మన కాపురాలు అలా ఉంటాయా?

ఇక తమరి ఇంటిపేరు: ఆల్-సీజన్. మనకి ఋతువులు ఆరు, న్యూజెర్సీలో నాలుగు. నాలుగింట్లోనూ తమరికొచ్చినవి అత్తెసరు మార్కులే. ఎండాకాలంలో సమ్మర్ టైరు ముందు నిలవలేరు, మంచులో వింటర్ టైరు ముందు నిలవలేరు. పక్కన ఎం ప్లస్ ఎస్ అని, బురదకీ మంచుకీ అన్నట్టు, గర్వంగా అచ్చేయించుకున్నారు. ఆ రెండక్షరాలకి మంచులో ఒక్క అడుగైనా వేసి చూపించాల్సిన పని లేదు, గాడులు ఇంత ఖాళీతో ఉంటే చాలు. నిజంగా మంచు మీద పరీక్ష పాసైన వాళ్లకి మూడు శిఖరాల కొండలో మంచుపువ్వు ఉన్న గుర్తు ఉంటుంది. తమరి ఒంటి మీద వెతికాను. లేదు. మొన్న జనవరిలో మా ఇంటి ముందు వాలు ఎక్కలేక వెనక్కి జారి పక్కింటి మెయిల్‌బాక్సుకి దణ్ణం పెట్టినప్పుడు ఆ సంగతి తెలిసింది.

డబ్ల్యూ గురించి చెప్పనే అక్కర్లేదు. గంటకి 168 మైళ్లు పోగలరట. నేను తమరిని తిప్పింది 287 హైవే మీద, ఉదయం ఎనిమిదింటికి, గంటకి 15 మైళ్ల చొప్పున.

డాష్‌బోర్డులో తమరి గూఢచారి ఒకడున్నాడు, ఆ పసుప్పచ్చ దీపం. 2000లో అమెరికాలో ట్రెడ్ చట్టం అని వచ్చింది, దాని పుణ్యాన 2008 మోడళ్ల నుంచి ప్రతి కొత్త కారులోనూ వాడు తప్పనిసరి. ఉష్ణోగ్రత పది ఫారెన్‌హీట్ డిగ్రీలు పడిపోతే టైర్లో ఒక పాయింటు (పీఎస్‌ఐ) గాలి తగ్గుతుంది. అందుకని నవంబరు మొదటి చలికి తెల్లారుజామునే వెలిగి కొంప మునిగినట్టు గోల పెడతాడు. తీగలు బయటికొచ్చి రోడ్డుని గీరుతున్నప్పుడు మాత్రం నోరు మెదపలేదు. గాలి సరిగ్గానే ఉందిగా, వాడికేం!

వారంటీ 45,000 మైళ్లు. తమరు కాలం చేసింది 24,000 దగ్గర. మిగిలిన 21,000 మైళ్ల మాటేమిటని కౌంటర్లో అడిగాను. ఆమె ఎంతో ఓపిగ్గా కాగితం తిప్పి చూపించింది: టైరు ఈ అంచు నుంచి ఆ అంచుదాకా సమానంగా అరిగి చచ్చిపోతేనే వారంటీ. పైగా అన్ని వేల మైళ్లకోసారి చోట్లు మార్పించినట్టు రసీదులు కావాలి. ఒకవైపే అరిగితే అది టైరు తప్పు కాదు, కారు తప్పు. కారు తప్పంటే నా తప్పు. సమానంగా అరిగే టైరుకి అసలు వారంటీ ఎందుకండీ అని అడగబోయి, వెనక లైన్లో ఉన్నావిడ మొహం చూసి ఊరుకున్నాను.

అన్నీ మింగేస్తాను. మంచు, దీపం, వారంటీ, అన్నీ. మింగుడు పడనిది ఒక్కటే: తమరు లోపలివైపు అరగడం.

బయటివైపు అరగొచ్చుగా? నడిమధ్యన అరగొచ్చుగా? గాలి ఎక్కువైతే మధ్యలో అరుగుతారు, తక్కువైతే రెండంచులూ అరుగుతారు, షాక్ అబ్జార్బర్లు పోతే గుంటలు గుంటలుగా అరుగుతారు. ఇవన్నీ నాకు తెలుసు, చదివాను. ముందు టైర్లయితే స్టీరింగ్ ఒక చివరికి తిప్పగానే లోపలి అంచు బయటికొచ్చి కనిపిస్తుంది. వెనక టైర్లు తిరగవు. తమరి లోగుట్టు తెలియాలంటే నేను డ్రైవ్‌వేలో వెల్లకిలా పడుకుని, ఫోను టార్చి పళ్ల మధ్య పెట్టుకుని కారు కిందకి దూరాలి. ఆ సంగతి తెలిసే అక్కడ అరిగారు కదూ?

తమరి పక్కన "ఔట్‌సైడ్" అని అచ్చుంది. ఈ ముఖం బయటికుండాలని బిగించేవాడికి చెప్పే మాట అది. నేనేమో చూడాల్సిన ముఖం అదేననుకున్నాను. ప్రతి ఆదివారం ఆ ముఖాన్నే కడిగాను. నల్లగా నిగనిగలాడే ద్రవం కొని, స్పాంజితో పట్టించాను. నెలకోసారి పెన్నీ (ఒక సెంటు నాణెం) తీసి, దాని మీదున్న లింకన్‌గారిని తలకిందులుగా గాడిలో దించి చూశాను. ఆయన నెత్తి పూర్తిగా కనిపిస్తే గాడి లోతు 2/32 అంగుళాలకి వచ్చినట్టు, టైరు మార్చాలన్నమాట. నెలనెలా లింకన్‌గారు నుదుటిదాకా దిగిపోయేవారు. శభాష్ అనుకునేవాణ్ణి. బయటి గాడిలో! ఒక్కసారైనా ఆ పెన్నీని అవతలివైపు దించి ఉంటే ఆయన గడ్డందాకా కనిపించేవారు. పైన పటారం లోన లొటారం అని మా నాయనమ్మ పెళ్లిసంబంధాల గురించి అనేది, నేను టైరు గురించి అనాల్సొస్తుందనుకోలేదు. మోసం కాదుట్రా ఇది? ముఖానికి పౌడరు నా చేతే రాయించుకుని, వీపున పుండు దాచుకుంటావా? అదీ నా పిల్లలు వెనక సీట్లో కూర్చునుండగా? గంటకి 70 మైళ్ల మీద నువ్వు పగిలుంటే?

కోపంలో ఏకవచనం వచ్చేసింది. ఉండనీ. ఇక మర్యాద పట్టదు.

తర్వాత ఆ కుర్రాడు అలైన్‌మెంట్ కాగితం తెచ్చిచ్చాడు. అన్నీ పచ్చగా, ఒక్కటి ఎర్రగా. ఆ ఒక్కటీ నీది. మా కారుకి వెనక చక్రాల పైభాగం కాస్త లోపలికి వాలి ఉంటుంది, మలుపుల్లో పట్టుకోసం కంపెనీయే అలా చేసింది. దాని పేరు క్యాంబర్. దానివల్ల లోపలి అంచు కొంచెం ఎక్కువే మోస్తుంది గానీ, ఒక్క దానికే ఇంత త్వరగా తీగలు బయటపడవట. అసలు దోషి టో. చక్రం ముందుభాగం నేరుగా చూడకుండా బయటికి చూస్తోంది, బాతు పాదంలాగా. 0.3 డిగ్రీలు. కారు ఎడ్డెమంటే నువ్వు తెడ్డెం. 0.3 ఎంతలే అన్నాను నేను.

ఇంటికొచ్చి లెక్కేశాను. ప్రతి మైలుకీ దాదాపు 28 అడుగులు నువ్వు పక్కకి ఈడ్చుకుపోయినట్టు. అది ఎప్పుడు వంకరైందో కూడా నాకు తెలుసు. క్రితం ఏడాది ఫిబ్రవరిలో, రాత్రి, వానలో, రూట్ 1 మీద గొయ్యి. "ధబ్" మన్నప్పుడు మా ఆవిడ, "ఏమండీ, ఒకసారి చూపించండి" అంది. చూపిస్తే అలైన్‌మెంటుకి 129 డాలర్లు. చక్రం బాగానే ఉంది, గాలి పోలేదు, ఎందుకు దండగ అన్నాను. అప్పట్నుంచి స్టీరింగ్ మీద బొమ్మ ఒక పిసరు పక్కకి వాలే ఉండేది, తిన్నగా పోతున్నా సరే. నేను కూర్చునే తీరులో ఏదో తేడా అనుకున్నాను. కొన్నాళ్లకి వెనకనుంచి గుంయ్ మని మోత. కొత్తగా వేసిన రోడ్డు అనుకున్నాను. అప్పట్నుంచి 12,000 మైళ్లు తిరిగాం. అంటే 60 మైళ్ల పైచిలుకు, ఎడిసన్‌లో మా ఇంటి నుంచి ఇంచుమించు ఫిలడెల్ఫియా దాకా, నిన్ను అడ్డంగా ఈడ్చుకెళ్లాను. 129 డాలర్లు మిగిల్చాను. చోట్లు మార్పించడం కూడా మానేశాను. ఎందుకంటే బయటినుంచి చూస్తే బాగానే ఉన్నావు కదా.

ఈ సంగతి మా ఆవిడకి ఇంకా చెప్పలేదు. నువ్వూ చెప్పకు.

రాత్రి నాన్నకి ఫోన్ చేస్తే నవ్వాడు. "కంటితో ఏం చూస్తావురా, అరచేత్తో తడమాలి. ఒకవైపు నిమిరితే నున్నగా, ఇంకోవైపు నిమిరితే రంపంలా ఉంటే చక్రం వంకరున్నట్టే. మనూరి పంచరు షాపు మస్తాను అంబాసిడర్‌ని ఆగీ ఆగకముందే చెప్పేసేవాడు." నాలుగు లేజర్లు, రెండు కెమెరాలు పెట్టి చెప్పింది మస్తాను అరచేయి అప్పట్లోనే చెప్పిందన్నమాట.

ఆ తీగలతోనే, ఎన్నాళ్ల నుంచో ఏమో, నువ్వు పగల్లేదు. మొన్న ఆగస్టులో టర్న్‌పైక్ మీద ఆకాశం చిల్లుపడ్డట్టు వాన కురిసినప్పుడు, ముందున్న ట్రక్కు బ్రేక్ కొట్టినప్పుడు, పిల్లలిద్దరూ వెనక నిద్రపోతున్నప్పుడు, నువ్వు జారలేదు. మిగిలిన సగం ఒంటితోనే పట్టుకున్నావు. అది తలుచుకుంటే తిట్లు గొంతులోనే ఆగిపోతున్నాయి.

సాయంత్రం కుర్రాడు నిన్ను చక్రం నుంచి ఊడదీసి, ఒంటి చేత్తో దొర్లించుకుంటూ వెనక తలుపు దాకా తీసుకెళ్లాడు. నున్నటి అంచు ఇటువైపు ఉంది. వంకరగా, ఒకపక్కకే లాగుతూ దొర్లావు. చిన్నప్పుడు నేను పాత సైకిలు టైరుని కర్రతో కొట్టుకుంటూ చెరువుగట్టు దాకా పరిగెత్తేవాణ్ణి. అదీ ఇలాగే పక్కకి పోయేది. బిల్లులో నిన్ను వదిలించుకోడానికి వేరే ఛార్జీ వేశారు, కొత్తవాటికి టైరుకి 1.50 డాలర్ల చొప్పున రాష్ట్రం ఫీజు. కర్ర ఒకటి ఉంటే నేనే ఇంటిదాకా దొర్లించుకుపోదును.

కొత్త జత వెనకే వేశారు. వాన నీళ్ల మీద కారు వెనకభాగం తిరిగిపోకుండా ఉండాలంటే కొత్తవి ఎప్పుడూ వెనకే అన్నారు. అత్తగారు ఆవకాయ జాడీ మూత తీస్తూ, కొత్త టైర్లకి నిమ్మకాయలు తొక్కించరా అని అడిగారు. తొక్కించాను. కాయని టైరు మధ్యలో కాకుండా, కారు కిందకి దూరి, ఎడమ వెనకదాని లోపలి అంచు కింద పెట్టాను. అక్కడెందుకు నాయనా అని ఆవిడ అడిగితే, ఇక్కడ ఇలాగే పెడతారండీ అని చెప్పాను.

ఇట్లు,
తమరి మాజీ యజమాని